గ్యాంగ్ పెట్టె

పోయిన వారం మా ఇంజనీరు దగ్గర్నుంచి ఫోన్లో ఒక మెసేజ్ వచ్చింది. సైటులో ఉన్న పాత గ్యాంగ్ బాక్సులన్నీ స్క్రాపుకు పంపేస్తున్నారట. వాటి బదులు కొత్త కంటైనర్లు వచ్చాయట. వేలిముద్ర పెడితే తెరుచుకుంటాయట. కనుక తాళంచెవులున్న వాళ్లు గురువారం లోపల స్టోరులో అప్పగించాలట. అది చదివేటప్పటికి సౌదీలో, రాబిగ్‌లోని మా క్యాంపు గదిలో మంచం మీద కూర్చుని ఉన్నాను. గోడకున్న స్విచ్చు అంతకుముందే టప్పుమని కాలిపోయింది. దాన్ని మార్చడానికి వచ్చిన కేరళ ఎలక్ట్రీషియన్ కుర్చీ ఎక్కి, "చాచా, టూ గ్యాంగ్ లగావూఁ యా త్రీ గ్యాంగ్?" అని అడిగాడు. రెండు మీటలున్న పలకను టూ గ్యాంగ్ అంటారు, మూడుంటే త్రీ గ్యాంగ్. ఇన్నేళ్లుగా వింటున్న మాటే. ఆ పూట మాత్రం ఆ మాట రెండువైపుల నుంచి ఒకేసారి మీదపడింది. "ఒక్క గ్యాంగ్‌తోనే మూడు తలలు పగలగొట్టినవాణ్ణి. నాకు రెండు, మూడు ఎందుకు?" అన్నాను హిందీలో. అతను నా జుట్టు తెలుపును ఒకసారి చూసి, టూ గ్యాంగ్ బిగించి పోయాడు.

మూడు తలలు అన్న లెక్క గుర్తుంచుకోండి. ముందుముందు దానితో పనుంది.

ఈ గ్యాంగ్ అన్న మాటతో నా పరిచయం దెబ్బలతోనే మొదలైంది. మెట్‌పల్లి దగ్గర మా ఊరి కల్లు కాంపౌండులో ఒకనాడు సీసాలు లేచాయి. నేను గోడవతల ఉన్నాను. పోలీసులు వచ్చి అవతలివాళ్లనూ ఇవతలివాళ్లనూ కలిపి జీపులో వేశారు. స్టేషన్లో ఎస్సై లాఠీ ఊపుతూ "ఏ గ్యాంగ్‌రా నీది?" అని అడిగాడు. నాకే గ్యాంగూ లేదన్నాను. ఆ జవాబుకు రెండు పడ్డాయి. పక్కవాడు తన గ్యాంగ్ పేరు చెప్పాడు, వాడికి నాలుగు. రెండు మిగిలాయన్న సంతోషంతో ఇంటికి వచ్చాను. మా పెదనాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్. ఎండా వానా చూడకుండా పట్టాల వెంట సుత్తి మోసుకుని నడిచే మనిషి. నా వీపు చూసి, "ముప్పయ్యేండ్ల సంది నేను గ్యాంగుల్నే ఉన్న. నన్నెవ్వడు కొట్టలేదు గదరా," అని ఆశ్చర్యపోయాడు. ఆయన ఉద్యోగమూ నా వాతలూ ఒకే మాట కిందికి ఎలా వచ్చాయో మా ఇద్దరికీ అర్థం కాలేదు. తర్వాత జెద్దా ఓడరేవులో పని దొరికితే అక్కడ మూటలు దించే గుంపుకూ గ్యాంగ్ అనే పేరు. ఓడలోకి ఎక్కే నిచ్చెన బల్ల గ్యాంగ్‌వే. ఒకసారి ఆ గ్యాంగ్‌వే మీదనే ఎవరిది ముందు దించాలన్న తగువులో రెండు గ్యాంగులు కొక్కేలతో కొట్టుకున్నాయి. ఒకతని చెవి సగం తెగి వేలాడటం కళ్లారా చూశాను. ఆ తర్వాత రాబిగ్ వచ్చిపడ్డాను. ఇక్కడ పనిముట్లు దాచుకునే ఇనప పెట్టె పేరు కూడా గ్యాంగ్ బాక్సే. నలుగురికి ఒక పెట్టె. ఒకే తాళం. తాళంచెవి గ్యాంగ్ పెద్ద మెడలో. ఆయన స్నానానికి పోయినా అది మెడ దిగకూడదు. మా దగ్గర అది రాయని కట్టుబాటు.

మూడు తలల కథ నేను నలుగురిలో చెప్పేటప్పుడు ఇలా చెప్తాను. మా చైన్ బ్లాకును పక్క గ్యాంగ్ వాళ్లు దొంగిలించారు. చైన్ బ్లాకంటే గొలుసు లాగుతూ ఉంటే టన్ను బరువును కూడా జానెడు జానెడు పైకెత్తే కప్పీ. వాళ్లు ఆరుగురు, మేం నలుగురం. నేను ఏడు కిలోల స్పానరు ఎత్తి ఒక్కొక్కణ్ణి ఒక్కొక్క దెబ్బకు పడగొట్టాను. మూడు తలలు పుచ్చకాయల్లా పగిలాయి. మిగతా ముగ్గురు ఎర్రసముద్రం దాకా పరుగెత్తారు. క్యాంపులో కొత్తగా వచ్చినవాళ్లకు, సెలవుమీద వెళ్తే మా ఊళ్లో మంగలి షాపులో, ఫోన్లో అత్తమ్మకు, ఇలాగే చెప్పాను. అత్తమ్మ ఎవరో తర్వాత చెప్తాను. ఆవిడ ప్రతిసారీ కథంతా విని, చివర "అబ్బ!" అనేది.

సముద్రానికీ మాకూ మధ్య రెండు కంచెలు, ఒక కాపలా గేటు. పరుగెత్తి చేరడం అయ్యేపని కాదు. ఇక అక్కడినుంచి వెనక్కి వస్తాను.

మా గ్యాంగ్ పెద్దను అందరం మామ అనేవాళ్లం. కోరుట్ల అవతలి మనిషి. నాకు చుట్టమేమీ కాదు. మామ అన్న పిలుపుకు తగ్గట్టు పలికేవాడు, తగ్గట్టు తిట్టేవాడు. రిఫైనరీ షట్‌డౌన్ రోజులవి. అంటే ప్లాంటు మొత్తం ఆపి, పైపులు విప్పి, కడిగి, మళ్లీ బిగించే నెల రోజులు. ఆ నెలలో మనుషులకు నోటితో మాట్లాడే అలవాటు పోతుంది. ఎటు చూసినా ఇనుము మీద ఇనుము. తుప్పుపట్టిన నట్టుకు స్పానరు తగిలించి పట్టుకుని ఒకడు నిలబడతాడు, ఇంకొకడు సమ్మెట ఎత్తి దాని వెన్ను మీద కొడతాడు. దెబ్బ తప్పితే పట్టుకున్నవాడి మణికట్టు నుజ్జు. ఆ ఏడాది అలా తప్పిన దెబ్బకు ఒకతని చెయ్యి గ్లవుజులోపలే మెత్తబడిపోయింది. గ్లవుజు తీయడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. అంత వేడి, అంత మోత, అంత కోపం. ఎవరి కోపమైనా ఎవరి మీదికైనా పోగలిగిన రోజులు.

మామకు ఆ వారం దాటితే చాలు. ఆయన పాస్‌పోర్టు మీద ఖురూజ్ పడింది, అంటే ఇక ఈ దేశం వదిలి పూర్తిగా వెళ్లిపోవచ్చునన్న ముద్ర. గురువారం జెద్దా నుంచి విమానం. ఇంటి దగ్గర ఆయన భార్యకు, అంటే మా అత్తమ్మకు, గుండె వాల్వు చెడింది. హైదరాబాదు ఆసుపత్రిలో శనివారానికి ఆపరేషన్ పెట్టారు. ఇప్పటికే రెండుసార్లు తేదీ ఇస్తే ఆమె మంచం ఎక్కనంది. డాక్టర్లు ఇక ఆగితే లాభం లేదన్నారు. ఆ మాట మామ ఫోన్లో చెప్తే స్పీకర్లో ఆమె గొంతు మేం నలుగురం విన్నాం: "నువ్వొచ్చి ఎదురుంగ నిలవడితెనే కత్తి పెట్టనిస్త. లేకుంటె గిట్లనే పోత. ఆరేండ్లాయె మొఖం చూడక. మత్తుల చచ్చిపోతె ఎవల మొఖం చూసి పోవాలె?" మామ ఫోను పెట్టేసి, కళ్లు తుడుచుకోకుండా, "దీని నోరుకు వాల్వు లేదురా," అన్నాడు.

పాస్‌పోర్టు చేతికి రావాలంటే ఒక్క కాగితం మిగిలింది. పెట్టెలోని పనిముట్లన్నీ జాబితా ప్రకారం ఉన్నాయని స్టోరు వాళ్లు చూసి సంతకం పెట్టాలి. అది సోమవారం సాయంత్రం నాలుగింటికి. ఆ పెట్టెను చూసుకునే పని నాది. తాళం మామదే, లోపలి సరుకు భద్రం నాది. అందులో ఒక చైన్ బ్లాకు లేదు. లేదన్న సంగతి నాకొక్కడికే తెలుసు. పదిహేను రోజుల కింద, సాయంత్రం దించి తేవడానికి బద్ధకించి పైపుల మధ్య వేలాడదీసి వచ్చాను. మర్నాడు చూస్తే కొక్కెం కూడా లేదు. ఇంటి దొంగతనమే అయితే దొరికేది. అంత పెద్ద ప్లాంటులో ఎవర్ని అడుగుతావు? చెప్తే మామ తిడతాడని చెప్పలేదు. తర్వాత ఖురూజ్ పడింది, అప్పుడు చెప్తే ఆయన ఏడుస్తాడని చెప్పలేదు.

ఇక దొంగ ఎవరో మీకు అర్థమై ఉంటుంది, నేనే. పక్క గ్యాంగ్ పెద్ద పాకిస్తానీ, పెషావర్ వైపు మనిషి. అందరూ ఉస్తాద్ అనేవాళ్లు. గడ్డానికి గోరింటాకు పెట్టేవాడు. ఆరేళ్లుగా ఆయనా మామా పొద్దున పదింటి చాయ్ ఒకే పెట్టె మీద కూర్చుని తాగేవాళ్లు. సోమవారం తెల్లారి డ్యూటీ మొదట్లో, వాళ్లంతా భద్రత మీటింగులో నిలబడి ఉండగా, వాళ్ల చైన్ బ్లాకు ఒకటి ఎత్తుకొచ్చాను. వాళ్ల గుర్తు కొక్కెం మెడ చుట్టూ నీలం రంగు గీత. దాన్ని గరుకు కాగితంతో గీకేశాను. మూడు నెలలకోసారి తనిఖీ అయిన సామాను మీద కొత్త రంగు టేపు చుడతారు. అప్పుడు పసుపు రంగు నడుస్తోంది. గీకినచోట పసుపు టేపు చుట్టేశాను. ఇక మిగిలింది బొట్టు.

మా బొట్టు సంగతి కొంచెం చెప్పాలి. దసరాకు పనిముట్లకు పూజ చెయ్యకుండా మావాళ్ల చేతులు ఆడవు. ఇక్కడ బయట పూజలు కూడదు, కుంకుమ బరిణె కనబడకూడదు. అందుకని మామ ఒక ఉపాయం చేశాడు. ఇనుముకు తుప్పు పట్టకుండా వేసే ఎర్ర ప్రైమరు డబ్బాలో పుల్ల ముంచి, పెట్టె మూత చాటున, ప్రతి పనిముట్టుకూ చిన్న చుక్క పెట్టేవాడు. మూత లోపలివైపు కూడా ఒకటి. చూసేవాళ్లకు అదొక గ్యాంగ్ గుర్తు. మాకు దసరా. ఉస్తాద్‌కు మాత్రం అదేమిటో తెలుసు. తెలిసీ ఎవరికీ చెప్పలేదు. నేనూ అదే పుల్లతో, అదే డబ్బాతో, ఆ దొంగ చైన్ బ్లాకుకు చుక్క పెట్టి, మూతవేసి, మామ చేత తాళం వేయించి, ఏమీ ఎరగనట్టు పనికి పోయాను. ఇంత జాగ్రత్తగా దొంగతనం చేసినవాడు మా మండలంలో లేడని ఆ మూడు గంటలూ నా ఉద్దేశం.

పదింటి చాయ్‌కి ఉస్తాద్ ఒంటరిగా రాలేదు. వెనకాల అయిదుగురు వచ్చారు. ఒకడి చేతిలో గజం పైపు ముక్క. చైన్ బ్లాకు పోయిందనీ, పెట్టెలన్నీ చూస్తున్నామనీ చెప్పారు. మామకు రోషం వచ్చింది. "ఆరేండ్ల సంది నా పక్కకు కూసుండి చాయ్ తాగుతున్నవు ఉస్తాద్. నా పెట్టె చూస్తవా? చూడు," అని మెడలోని తాళంచెవి తీసి, పెట్టె తెరిచి, పక్కకు జరిగి నిలబడ్డాడు. ఆయన తెలుగుకు వాళ్లు హిందీలో జవాబు చెప్పడం, వాళ్ల హిందీకి ఆయన తెలుగులో జవాబు చెప్పడం అలవాటే. ఉస్తాద్ ఒంగి చైన్ బ్లాకులు ఒక్కొక్కటీ పైకెత్తి చూశాడు. మూడూ పసుపు టేపువే, మూడిటికీ ఎర్ర చుక్క ఉంది. మామ గెలిచినట్టు, "చూసినవా? బొట్టుంది. మాది కాకుంటె బొట్టెట్లుంటది?" అన్నాడు. ఉస్తాద్ మూడోదాని మీద బొటనవేలు పెట్టి అదిమాడు. వేలు తిప్పి చూసుకున్నాడు. ఎర్రగా అంటింది. ఆ వేలును మామ ముక్కుకు ఎదురుగా పెట్టి, కోపం కన్నా బాధ ఎక్కువైన గొంతుతో, "యే తో అభీ గీలా హై, భాయ్," అన్నాడు. ఇంకా తడిగానే ఉంది.

మామ ఆ వేలు చూశాడు. తర్వాత నావైపు చూశాడు. ఆ చూపును నేనింతవరకూ ఎవరికీ చెప్పిన కథలో పెట్టలేదు.

పైపు ముక్కవాడు, "చోర్ గ్యాంగ్!" అని ఉమ్మాడు. మా పెదనాన్న నడక, ఓడరేవు చెమట, నలుగురి అన్నం, ఇన్ని ఇమిడిన మాట ఆ ఒక్క ఉమ్ముతో మళ్లీ ఎస్సై లాఠీ కిందికి పోయింది. మాలో ఒకడు, నిర్మల్ వైపువాడు, చేతిలోని చాయ్ కెటిల్ మూతతో సహా వాడి మొహం మీద కొట్టాడు. సలసల కాగే చాయ్. ఆ అరుపు కంప్రెసరు మోతలో కూడా వినిపించింది. ఆపైన ఏది ఎవరి చెయ్యో తెలియలేదు. పైపు ఊగింది, మావాడి దవడ మీద పడింది. పన్ను ఒకటి ఊడి సరిగ్గా ఒక చాయ్ కప్పులో పడి టింగుమంది. ఆ చప్పుడు మాత్రం ఈనాటికీ నా చెవిలో ఉంది. ఇద్దరు ఒకణ్ణి పట్టుకుని పెట్టె అంచుకు వేసి కొడుతుంటే మూత ధడేలుమని పడింది. కింద ఒకడి వేళ్లున్నాయి. వాడు చెయ్యి లాక్కుంటే గోరు మూతకే ఉండిపోయింది. హెల్మెట్లు దొర్లాయి. ఒకడు ఇంకొకడి మెడను మోచేత్తో బిగిస్తే కళ్లు బయటికి తేలాయి. ఇసుకలో రక్తం పడితే వెంటనే ఇంకిపోతుంది, గచ్చుమీద పడితే అలాగే నిలబడి మెరుస్తుంది. మాది గచ్చు.

మూడు తలలన్నాను కదా. తలలు కావు, హెల్మెట్లు. స్పానరుతో మూడు హెల్మెట్లు పగలగొట్టాను. అందులో రెండు అప్పటికే కింద పడి ఉన్నవి. మూడోది కూడా ఎవరి తల మీదా లేదు, పెట్టె పక్కన కొక్కేనికి తగిలించి ఉంది. నేనున్నదీ పెట్టె వెనకనే. గొంతుక్కూర్చుని ఉన్నాను. చేతిలో స్పానరుంది కనుక దానికి ఏదో ఒక పని చెప్పాలని దొర్లుకొచ్చిన హెల్మెట్లను కొడుతున్నాను.

అక్కడినుంచి తల ఎత్తి చూస్తే ఉస్తాద్ వీపు కనబడింది. ఆయన చేతులు ఎవరినో పట్టుకుని ఉన్నాయి. మామను పీక పిసుకుతున్నాడనుకున్నాను. చెప్పకుండా దాచిన పదిహేను రోజుల భయమూ భుజంలోకి వచ్చింది. లేచి, కళ్లు మూసుకుని, ఉస్తాద్ తలను గురిచూసి స్పానరు విసిరాను. కళ్లు మూసుకుని గురి ఎలా చూశావని అడగకండి. అది తగిలిన చప్పుడు పచ్చి కొబ్బరికాయ పగిలినట్టు వచ్చింది. కళ్లు తెరిచాను. ఉస్తాద్ నిలబడే ఉన్నాడు, కాకపోతే ఈలోపల ఇద్దరూ గిర్రున తిరిగి మామ వీపు నావైపుకు వచ్చింది. ఆయన భుజం మీదుగా మామ తల ముందుకు వాలి ఉంది. జుట్టులోంచి రక్తం ఉస్తాద్ తెల్లబడిన చొక్కామీద ధారగట్టి దిగుతోంది. ఒకరి పీక ఒకరు పిసుక్కోవడం లేదు. ఇద్దరు పెద్దలూ ఒకరినొకరు గట్టిగా కావిలించుకుని, తమ తమ గ్యాంగులను ఆగమని అరుస్తున్నారు. మూడు తలల్లో మిగిలింది ఆ ఒక్కటే. అది మా మామది.

దాంతో కొట్లాట ఆగిపోయింది. రక్తం అంత ఉంటే ఎవరికీ ఇంకొంచెం కావాలనిపించదు. దూరాన ఈల వినబడింది, సేఫ్టీ ఆఫీసరు మెట్లు దిగి పరుగెత్తుకొస్తున్నాడు. షుర్తా అంటే పోలీసు. షుర్తా దాకా పోతే కేసు, కేసంటే పాస్‌పోర్టు అక్కడే ఆగుతుంది, శనివారం హైదరాబాదులో ఆ మంచం ఖాళీగా ఉంటుంది. మామ ఇదంతా నాకన్నా ముందు ఆలోచించాడు. పగిలిన తలను ఒక చేత్తో అదుముకుని, నావైపు చూడకుండానే, "ఆ స్పానర్ కడిగి లోపట పెట్టు. మూత వెయ్యి," అన్నాడు. నేను నా బనీనుతో తుడిచి లోపల పెట్టాను. ఆఫీసరు రాగానే మామ పైనున్న ఇనప నడకబల్లను, ఇక్కడ దానిదీ గ్యాంగ్‌వే అనే పేరే, చూపించి, పైనుంచి జారిపడ్డానన్నాడు. ఆఫీసరు నమ్మలేదు. ఆరుగురు పాకిస్తానీలు ఇక్కడెందుకున్నారని అడిగాడు. ఉస్తాద్ చొక్కామీది రక్తం చూపిస్తూ, "మేరే సామ్‌నే గిరా, సాబ్. మైఁనే ఉఠాయా," అన్నాడు. నా ఎదుటే పడ్డాడు, నేనే లేపాను. దవడ వాచినవాడిని అడిగితే, పన్ను ఎన్నాళ్లనుంచో కదులుతోందన్నాడు. చాయ్ కాలినవాడు కెటిల్ ఒలికిందన్నాడు. అది మాత్రం నిజం. చెయ్యని తప్పుకు ఆ గ్యాంగ్‌వేను రెండురోజులు మూసేసి, దానికి కొత్త రెయిలింగు వేశారు. ఇప్పటికీ ఉంది. దాన్ని పట్టుకునే దిగుతాను.

క్లినిక్‌లో నర్సమ్మ రాజమండ్రి వైపు ఆవిడ, మెడలో సన్నటి శిలువ గొలుసు లోపలికి దోపుకుని ఉండేది. మత్తు సూది ఎక్కక ముందే కుట్లు మొదలయ్యాయి. మామ బల్ల అంచు పట్టుకుంటే రేకు వంగింది. "జారిపడ్డారా బాబాయ్ గారూ?" అని అడిగింది ఆవిడ. అవునన్నాడు. "జారిపడ్డవాళ్లకి అరచేతులు చెక్కుకుపోతాయండి. మీ చేతులు పెళ్లికొడుకు చేతుల్లా ఉన్నాయి. పైగా ఈ దెబ్బ వెనకాల కదండీ, మీరేవైనా వెల్లకిలా నడుస్తారా?" మామ ఆపరేషన్ సంగతి, శనివారం సంగతి చెప్పాడు. ఆవిడ సూది ఆపి నావైపు చూసింది. నా బనీను మీద తుడిచిన మరక ఉంది. తర్వాత ఈజిప్టు డాక్టరుతో అరబ్బీలో గట్టిగా వాదించి, ప్రయాణం చెయ్యవచ్చునని కాగితం రాయించింది. తొమ్మిది కుట్లు. "అక్కడే విప్పించుకోండి. మీ ఆవిడ మంచం పక్కనే ఇంకో మంచం వేస్తార్లెండి," అంది.

నాలుగింటికి స్టోరు మనిషి జాబితాతో బయల్దేరాడని కబురొచ్చింది. మామ తలకు కట్టు కట్టుకుని పెట్టె ముందు నిలబడ్డాడు. ఉస్తాద్ పొద్దున్నే తన చైన్ బ్లాకు తాను తీసుకుపోయాడు కనుక జాబితాలో ఒకటి తక్కువ. అది తెలిసీ మామ తాళం తీశాడు. ఆయన చెయ్యి ఎంత నెమ్మదిగా కదిలిందో చెప్పలేను. అప్పుడు ఉస్తాద్ వచ్చాడు. భుజాన అదే చైన్ బ్లాకు. మా పెట్టెలో దింపాడు. దాని మీది చుక్క పొద్దున తన వేలికింద నలిగి గీతలా సాగి ఉంది. నన్ను పక్కకు లాగి చెవిలో అన్నాడు: "మాంగ్ లేతా తో దే దేతా, పాగల్." అడిగి ఉంటే ఇచ్చేవాణ్ణి కదరా పిచ్చోడా. అని, ఎర్ర ప్రైమరు డబ్బాను కాలితో నావైపు తోశాడు. "ఫిర్ సే లగా. ఇస్ బార్ సూఖ్‌నే దే." మళ్లీ పెట్టు, ఈసారి ఆరనివ్వు. పెట్టాను. నోటితో ఊదుతూ కూర్చున్నాను. చుక్క ఆరీ ఆరకముందే స్టోరు మనిషి వచ్చి, జాబితా పైనుంచి లెక్కపెట్టుకుంటూ పోయి, అన్నీ ఉన్నాయని సంతకం పెట్టాడు. తర్వాత ఆ లోటు నా మీద వేసుకున్నానని రాయాలనే ఉంది. వేసుకోలేదు. ఉస్తాదే పాత సామాన్లలోంచి ఒకదాన్ని ఏరి, బాగుచేసి, మాకిచ్చి తనది పట్టుకుపోయాడు.

బుధవారం మామ మెడలోంచి తాళంచెవి తీశాడు. ఆయన తర్వాత మాలో పెద్దవాడు నిర్మల్ అతను, తాళంచెవి అతనికి పోవాలి. అతను చెయ్యి చాపాడు కూడా. మామ దాన్ని నా మెడలో వేశాడు. నేను తల ఎత్తలేదు. "ఇగ పెట్టె నీది. ఏమన్న పోతె నిన్నే అడుగుతరు. మల్ల నాలెక్క ఎవని నెత్తన్న పలుగుతది, సూస్కో," అన్నాడు. అంతే. ఎందుకు కొట్టావని గానీ, ఎందుకు తీశావని గానీ ఎప్పుడూ అడగలేదు.

గురువారం ఎక్కాడు, శనివారం ఆమె ఎదురుగా నిలబడ్డాడు. కట్టు చూసి ఆమె, "ముందుగాల నీది కుట్టించుకో, తర్వాత నాది కోయించుకుంట," అందట. ఆపరేషన్ బాగా జరిగింది. ఆ గుండె ఇంకా కొట్టుకుంటోంది. మామే ముందు పోయాడు, పోయిన ఏడాది, నిద్రలో. పరామర్శకు ఫోను చేసి, ఏం మాట్లాడాలో తోచక, ఆనాడు మా మామ కోసం మూడు తలలు పగలగొట్టానత్తమ్మా అని మొదలుపెట్టాను. ఆమె ఈసారి అబ్బ అనలేదు. "పలిగింది ఒక్కటే గదరా. నేను తెలివికి రాంగనే చెప్పిండు మీ మామ. నవ్వితె కుట్లు గుంజినయి. పిలగాడు చెప్పుకోని బతుకనియ్యి, నువ్వు అడుగకు అన్నడు," అంది. పదిహేనేళ్లుగా ఆమె అన్న అబ్బలన్నీ ఒక్కసారిగా నా నెత్తిన పడ్డాయి. ఏడు కిలోల స్పానరు దాని ముందెంత.

ఆమె మనవరాలు కాలేజీలో ఇంగ్లీషు చదువుతోంది. ఆ ఫోనులోనే తాతా, గ్యాంగ్ అనేది ఆ భాషలో చాలా పాత మాట, మొదట్లో దాని అర్థం పోవడం, నడక అని చెప్పింది. కలిసి నడిచేవాళ్లు తర్వాత వచ్చారట, కొట్టుకునేవాళ్లు ఇంకా తర్వాత. అయితే మా పెదనాన్న సరైన అర్థంలోనే బతికాడన్నమాట. మా నలుగురిలో మిగతా ముగ్గురూ పోయారు, ఒకరు పైకి, ఇద్దరు ఊళ్లకు. ఉస్తాద్ ఊరెళ్లాక నంబరు మారింది. నాకూ ఖురూజ్ పడింది. వచ్చే నెల విమానం.

నిన్న తాళంచెవి అప్పగించేముందు పెట్టె ఒకసారి తెరిచాను. లోపల ఏమీ లేదు. మూతకు లోపలివైపు దసరా చుక్కలు, ఒకదాని మీద ఒకటి, మెటికంత మందంగా పేరుకుని ఉన్నాయి. బొటనవేలు పెట్టి గట్టిగా అదిమి, తిప్పి చూసుకున్నాను. ఏమీ అంటలేదు. తడిగా ఉన్ననాడు ఒక్క వేలికి దొరికిపోయాను. ఇప్పుడు పూర్తిగా ఆరిపోయింది, ఆ వేలు పెట్టి చూసేవాళ్లే లేరు.